ఎవరెట్ కేస్: మూడు రోజుల పోటీకి ప్రాణం పోసిన శిక్షకుడు

ఆటలో గెలుపు ఓటములను సమానంగా చూడాలని పిల్లలకు బోధించడం పాఠశాలల ఆనవాయితీ. ఆ మాట చెప్పడం సులభమే. అయితే మూడు నెలలపాటు గెలుస్తూ వచ్చిన జట్టు ఒక్క సాయంత్రం, నలభై నిమిషాల ఆటలో ఓడి, అంతవరకు సంపాదించుకొన్న సమస్తాన్ని పోగొట్టుకొన్నప్పుడు, ఆ జట్టు శిక్షకుడి ఎదుట నిలిచి అదే మాట చెప్పడం కష్టం. అమెరికా తూర్పు తీరాన ఉన్న కరోలినా ప్రాంతంలో 1954 నుండి 1974 వరకు కళాశాలల బాస్కెట్‌బాల్ ఇటువంటి కఠినమైన కట్టుబాటు కింద నడిచింది. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కళాశాలల కూటమి ఏటా మార్చి నెలలో మూడు రోజులపాటు జరిపిన పోటీ అది. ఆ పోటీని ప్రజలకు పండుగగాను, శిక్షకులకు అగ్నిపరీక్షగాను తీర్చిదిద్దిన వారిలో అగ్రగణ్యులు ఎవరెట్ కేస్. తాము పెంచిన ఆట వల్ల ఆయన అనుభవించిన వైభవమూ, పడిన వేదనా రెండూ తెలుసుకోదగినవే.

ఎవరెట్ నారిస్ కేస్ 1900 జూన్ 21న ఇండియానా రాష్ట్రంలోని ఆండర్సన్ పట్టణంలో జన్మించారు. బాస్కెట్‌బాల్ అప్పటికి తొమ్మిదేళ్ళ పసిబిడ్డ. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణాలయంలో జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు, చలికాలంలో బయట ఆడలేని విద్యార్థుల కోసం ఈ ఆటను రూపొందించారు. (ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకొన్న హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించారు. దక్షిణ భారతంలో ఎందరో డ్రిల్లు మాస్టార్లు అక్కడ తయారైనవారే. కనుక ఈ కథలోని ఆటకూ, మన పాఠశాలల ఆవరణలలోని ఆటకూ పుట్టిల్లు ఒక్కటే.) ఇండియానా మొక్కజొన్న పండే సీమ. కోతలు ముగిసి మంచు పడిన తరువాత ఊరివారందరికీ వెచ్చని కూడలి పాఠశాల వ్యాయామశాలే. 1911 నుండి అక్కడ ఉన్నత పాఠశాలలకు రాష్ట్రస్థాయి పోటీ జరుగుతూ వచ్చింది. పెద్ద నగరపు పాఠశాల, చిన్న పల్లె పాఠశాల అన్న భేదం లేకుండా అన్ని జట్లూ ఒకే పోటీలో దిగేవి. ఒక్కసారి ఓడిన జట్టు ఇంటిదారి పట్టవలసిందే. ఈ పద్ధతి 1997 వరకు కొనసాగింది. కేస్ మనస్సులో ఆట అంటే ఇదే రూపం స్థిరపడిపోయింది. పట్టికలో పాయింట్లు లెక్కవేసి తేల్చే విజయం కంటె, ఊరంతా ఊపిరి బిగబట్టి చూసే ఆఖరి మ్యాచ్‌లో దక్కే విజయమే ఆయనకు విజయం.

ఇరవై ఏళ్ళు నిండకముందే ఆయన శిక్షకులయ్యారు. ఇండియానాలో ఆయన ఎక్కువ కాలం పనిచేసింది ఫ్రాంక్‌ఫర్ట్ అనే చిన్న పట్టణపు ఉన్నత పాఠశాలలో. ఆయన శిక్షణలో ఆ పాఠశాల 1925, 1929, 1936, 1939 సంవత్సరాలలో నాలుగుసార్లు రాష్ట్ర విజేతగా నిలిచింది. ఇండియానాలో అంతకుముందు ఏ శిక్షకుడికీ ఆ ఘనత దక్కలేదు. బోధన సాగిస్తూనే పట్టభద్రులై, అనంతరం కాలిఫోర్నియా వెళ్ళి ఎం.ఏ. పట్టం పుచ్చుకొన్నారు. ఆయన వివాహం చేసికోలేదు. ఆటగాళ్ళే ఆయనకు సంసారం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో చేరి, అక్కడ కూడా జట్లకు శిక్షణ ఇచ్చారు.

1946లో నార్త్ కరోలినా రాజధాని రాలీ నగరంలోని నార్త్ కరోలినా స్టేట్ కళాశాల ఆయనను ఆహ్వానించింది. అది వ్యవసాయం, ఇంజనీరింగు బోధించే ప్రభుత్వ కళాశాల. పొగాకు పండే ఆ సీమలో అప్పటికి జనానికి ఫుట్‌బాలే ప్రాణం. బాస్కెట్‌బాల్ రెండు ఫుట్‌బాల్ కాలాల నడుమ కాలక్షేపం మాత్రమే. నలభై ఆరేళ్ళ వయస్సులో కేస్ అటువంటి చోటికి వచ్చి, ఇండియానా నుండి తెచ్చుకొన్న కుర్రవాళ్ళతో జట్టు కట్టారు. బంతి చేతికి చిక్కగానే అవతలి బుట్ట వైపు పరుగు తీయడం ఆ జట్టు పద్ధతి. నిదానంగా బంతి తిప్పుతూ ఆడే ఆటకు అలవాటుపడిన అక్కడి ప్రేక్షకులు ఈ వేగాన్ని చూసి విస్తుపోయారు. మొదటి ఏడాదే ఆ జట్టు 26 మ్యాచ్‌లు గెలిచి అయిదింటిలో మాత్రమే ఓడింది. 1947లో పొరుగునే ఉన్న చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంతో రాలీలో జరగవలసిన మ్యాచ్‌కు పాత వ్యాయామశాల పట్టనంత జనం వచ్చిపడ్డారు. కొందరు కిటికీలలోంచి కూడా దూరారు. ప్రమాదం జరుగుతుందన్న భయంతో అగ్నిమాపక అధికారులు ఆ మ్యాచ్‌నే రద్దుచేయవలసి వచ్చింది. ఫుట్‌బాల్ సీమలో బాస్కెట్‌బాల్ కోసం తలుపులు విరిగే రోజు ఇంత త్వరగా వస్తుందని కళాశాలవారు అనుకొని ఉండరు.

అప్పట్లో ఈ కళాశాలలన్నీ సదరన్ కాన్ఫరెన్స్ అనే పాత కూటమిలో ఉండేవి. కాన్ఫరెన్స్ అంటే సమావేశం కాదు. ఒక ప్రాంతపు కళాశాలలు కూడి, ఏటా తమలో తాము పోటీపడేందుకు ఏర్పరచుకొన్న సంఘం. ఆ సంఘం 1920ల ప్రారంభం నుండే ఏడాది చివర ఒక పోటీ జరిపి విజేతను తేల్చేది. 1947లో డర్హమ్‌లో జరిగిన ఆ పోటీలో కేస్ జట్టు గెలిచింది. ఆట ముగిసిన పిమ్మట ఆటగాళ్ళు తమ శిక్షకుణ్ణి భుజాల మీదికి ఎత్తుకోగా, ఆయన బుట్టకు వేలాడే వలను కత్తిరించి తీసికొన్నారు. ఇండియానా పాఠశాలల్లో విజేతలు చేసే చిన్న ముచ్చట అది. కరోలినా ప్రజలకు కొత్త. క్రమంగా ఆ ముచ్చట అమెరికా అంతటా పాకి, నేడు జాతీయ పోటీలో గెలిచిన ప్రతి జట్టూ నిచ్చెన వేసికొని వలను కత్తిరించడం తప్పనిసరి తంతుగా మారింది. 1947 నుండి 1952 వరకు వరుసగా ఆరేళ్ళు సదరన్ కాన్ఫరెన్స్ విజేత కేస్ జట్టే. 1950లో జాతీయ పోటీలో మూడవ స్థానం కూడా దక్కింది. జాతీయస్థాయిలో ఆయన అందుకొన్న అత్యున్నత స్థానం అదే.

రాలీలో ఒక పెద్ద క్రీడామందిరం కోసం కేస్ రాకముందే ఉక్కు చట్రం లేచింది. యుద్ధం వల్ల పని ఆగిపోగా ఆ చట్రం ఏళ్ళ తరబడి ఆకాశం కింద నిలిచి ఉంది. కేస్ వచ్చిన తరువాత పని తిరిగి మొదలైంది. అనుకొన్న సీట్లు చాలవనీ, ఇంకా పెంచాలనీ ఆయన పట్టుబట్టారు. వెడల్పు అప్పటికే ఖాయమైపోయింది గనుక రెండు చివరలా పొడిగించారు. అందువల్ల ఆ కట్టడం రైలుపెట్టెలా పొడుగ్గా తయారై, కొసన కూర్చున్నవారికి ఆట ఎక్కడో దూరాన జరుగుతున్నట్లుండేది. అయితేనేం, 12,400 మంది పట్టే మందిరం ఆ ప్రాంతంలో మరొకటి లేదు. 1949 డిసెంబరులో ప్రారంభమైన ఆ రేనాల్డ్స్ కొలీజియంలో కేస్ తమ ప్రదర్శన కౌశలమంతా చూపారు. దీపాలు ఆర్పివేసి, ఒక్కొక్క ఆటగాడి మీద కాంతిపుంజం పడేలా చేసి పరిచయం చేసేవారు. కప్పు నుండి వేలాడే దీపాల స్తంభం ఒకటి ప్రేక్షకుల కేకల జోరును చూపేది. నిజానికి ఆ దీపాలను ఎవరో చాటున కూర్చుని వెలిగించేవారని అంటారు. గిట్టనివారు ఆయనకు ముసలి నరసిన నక్క అని పేరు పెట్టారు. గిట్టినవారు కూడా ఆ పేరుతోనే ముద్దుగా పిలిచేవారు.

ఆ ఏడాది డిసెంబరులోనే డిక్సీ క్లాసిక్ అనే మరో పోటీ మొదలైంది. క్రిస్మస్ ముగిసిన వెంటనే మూడు రోజులు, ఎనిమిది జట్లు. రాలీ, చాపెల్ హిల్, డ్యూక్, వేక్ ఫారెస్ట్ అనే నాలుగు స్థానిక కళాశాలలు ఒకవైపు, దేశం నలుమూలల నుండి పిలిపించిన నాలుగు మేటి జట్లు మరోవైపు. ఈ ఆలోచన ఆయన సహాయకుడు బటర్ ఆండర్సన్‌ది. దానిని ఊరి పండుగగా మార్చిన ఘనత కేస్‌ది. జరిగిన పన్నెండేళ్ళూ స్థానిక జట్లే గెలిచాయి. అందులో ఏడుసార్లు కేస్ జట్టే. 1958లో ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే మహా ఆటగాడితో సిన్సినాటి జట్టు వచ్చింది. కేస్ జట్టు దానిని ఓడించి, ఆ తరువాత మిషిగన్ స్టేట్‌ను కూడా ఓడించి కప్పు గెలుచుకొంది. అయితే ఆ పండుగలో ఒక మచ్చ కూడా ఉంది. నల్లజాతివాడైన రాబర్ట్‌సన్‌కు రాలీ హోటళ్ళలో చోటు దొరకని రోజులవి. ఆ జట్టు కళాశాల విద్యార్థుల వసతిగృహంలో బస చేయవలసి వచ్చింది. ప్రేక్షకులలో కొందరు అతణ్ణి అవమానించారు. కేస్ నల్లజాతి ఆటగాళ్ళున్న జట్లను తమ మందిరానికి పిలిపించారు గాని, తమ జట్టులో ఒక్క నల్లజాతి ఆటగాణ్ణి కూడా ఆడించలేదు. ఆనాటి దక్షిణాది కట్టుబాటును దాటి ఆయన అడుగు ముందుకు వేయలేదన్నది కాదనరాని సత్యం.

1953 మే నెలలో సదరన్ కాన్ఫరెన్స్ నుండి ఏడు కళాశాలలు విడిపోయి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ను స్థాపించుకొన్నాయి. పాత కూటమిలో పదిహేడు కళాశాలలు పోగుపడి ఉమ్మడి నిర్ణయమే కష్టమైంది. ఫుట్‌బాల్ విషయంలో తగవులు కూడా ముదిరాయి. క్లెమ్సన్, డ్యూక్, మేరీలాండ్, నార్త్ కరోలినా, నార్త్ కరోలినా స్టేట్, సౌత్ కరోలినా, వేక్ ఫారెస్ట్ తొలి సభ్యులు. అదే ఏడాది చివర వర్జీనియా చేరి ఎనిమిది అయింది. ఫుట్‌బాల్ కోసం పుట్టిన కూటమికి పేరు తెచ్చింది బాస్కెట్‌బాల్ కావడం విచిత్రం. చివరి పోటీలో గెలిచినవారే విజేతలన్న పాత సంప్రదాయాన్ని కొత్త కూటమి అలాగే నిలుపుకొంది. ఎనిమిది జట్లు గనుక లెక్క తేలిక. గురువారం నాలుగు మ్యాచ్‌లు, శుక్రవారం రెండు, శనివారం ఒకటి. శనివారం రాత్రి మిగిలిన జట్టు ఒక్కటే జాతీయ పోటీకి వెళుతుంది. మిగిలిన ఏడు జట్లకూ, అవి ఏడాదంతా ఎంత బాగా ఆడినా సరే, జాతీయ పోటీ ద్వారం మూసుకొనిపోతుంది.

న్యాయదృష్టితో చూస్తే ఇది సరియైన పద్ధతేనా అన్న ప్రశ్న మొదటి ఏడాదే తలెత్తింది. 1954లో పట్టికలో మొదటి స్థానం డ్యూక్‌ది. మార్చిలో రాలీలో జరిగిన పోటీలో కేస్ జట్టు డ్యూక్‌ను ఓడించి, అదనపు సమయం దాకా సాగిన ఆఖరి మ్యాచ్‌లో వేక్ ఫారెస్ట్‌ను 82–80తో గెలిచింది. మూడు నెలల శ్రమ ఒకరిది, కిరీటం మరొకరిది. 1957లో ఇంకా భయంకరమైన ఘట్టం వచ్చింది. చాపెల్ హిల్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా పోటీకి వచ్చి, రెండవ రోజు వేక్ ఫారెస్ట్ చేతిలో చావు తప్పి 61–59తో బయటపడింది. ఆ జట్టే ఆ ఏడాది మొత్తం 32 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ విజేత అయింది. ఆ శుక్రవారం ఒక్క బంతి తప్పి ఉంటే చరిత్రలో దాని పేరే ఉండేది కాదు. దాని శిక్షకుడు ఫ్రాంక్ మెక్‌గ్వైర్‌ను 1952లో చాపెల్ హిల్‌కు తెప్పించింది కేస్ జోరును అడ్డుకోవడానికే. ఒక కళాశాల లేచి నిలబడితే పొరుగువారు కూర్చోలేకపోయారు. కేస్ చేసిన మేలు ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. తాము గెలవడం కంటె, పొరుగువారిని కూడా మేలైన జట్లు తయారుచేసికొనక తప్పని స్థితికి తేవడమే ఆయన సాధించిన పెద్ద విజయం.

ఇక ఆయన లోపాల సంగతి. 1954, 1955, 1956లలో వరుసగా మూడేళ్ళు కేస్ జట్టే విజేత. కాని 1955లో జాతీయ పోటీకి వెళ్ళింది, ఆఖరి మ్యాచ్‌లో ఓడిన డ్యూక్. కారణం, ఆటగాళ్ళను చేర్చుకోవడంలో నియమాలు ఉల్లంఘించినందుకు నార్త్ కరోలినా స్టేట్‌పై జాతీయ క్రీడాసంఘం నిషేధం విధించడమే. 1956లో నిషేధం తొలగి జాతీయ పోటీకి వెళితే, మొదటి మ్యాచ్‌లోనే నాలుగుసార్లు అదనపు సమయం ఆడి కనీషియస్ అనే చిన్న కళాశాల చేతిలో 79–78తో ఓడారు. ఆ ఏడాది చివరలోనే లూసియానాకు చెందిన ఒక ఆటగాణ్ణి ఆకర్షించిన వ్యవహారంలో మరింత కఠినశిక్ష పడింది. కళాశాల ఆడే అన్ని ఆటలకూ నాలుగేళ్ళ నిషేధం. 1957లో కాన్ఫరెన్స్ విజేతగా నిలిచిన ఆ కళాశాల ఫుట్‌బాల్ జట్టు, తనకు సంబంధంలేని తప్పుకు బలియై, ఏడాది చివరి పెద్ద మ్యాచ్‌కు వెళ్ళే అవకాశం కోల్పోయింది. 1959లో కేస్ జట్టు ఆఖరి మ్యాచ్‌లో చాపెల్ హిల్‌ను 80–56తో చిత్తుచేసినా, జాతీయ పోటీకి వెళ్ళింది ఓడినవారే. మంచి ఆటగాడు కనబడితే ఎలాగైనా తెచ్చుకోవాలన్న ఆరాటం ఆయనను హద్దు దాటించింది. దాని మూల్యం చెల్లించినవారిలో ఏ పాపమూ ఎరుగని విద్యార్థులు ఎక్కువ.

అంతకంటె పెద్ద దెబ్బ 1961లో తగిలింది. జనం ఎక్కడ గుమిగూడితే జూదం అక్కడికి చేరుతుంది. ఎవరు గెలుస్తారన్నదే గాక, ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్న దానిపై పందేలు సాగేవి. ఆటగాడికి కొంత సొమ్ము ముట్టజెప్పి, ఓడనక్కరలేదు, తేడా మాత్రం తగ్గించమని జూదగాళ్ళు కోరేవారు. గెలుస్తూనే మోసం చేయవచ్చు గనుక కుర్రవాళ్ళకు అది పాపంగా తోచేది కాదు. తమ జట్టు ఆటలో ఏదో తేడా ఉన్నదని కేస్ పసిగట్టారు. దాచిపెట్టలేదు. తామే రాష్ట్ర నేరపరిశోధన శాఖకు తెలియజేశారు. విచారణలో ఆయన ఆటగాళ్ళు కొందరు డబ్బు తీసికొన్నట్లు తేలింది. సంసారమనుకొన్న జట్టులోనే ద్రోహం బయటపడింది. తామే స్వయంగా ఆ తలుపు తెరవవలసి రావడం ఆయనకు ఎంత క్షోభ కలిగించి ఉంటుందో ఊహించుకోవలసిందే. 1961 మే నెలలో రాష్ట్ర విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం ఫ్రైడే కఠిన నిర్ణయాలు ప్రకటించారు. డిక్సీ క్లాసిక్ రద్దయింది. రాలీ, చాపెల్ హిల్ జట్లు ఏడాదికి ఆడే మ్యాచ్‌ల సంఖ్యకు కోత పడింది. దూరప్రాంతాల నుండి ఆటగాళ్ళను తెచ్చుకోవడంపై కూడా పరిమితి వచ్చింది. ఇండియానా నుండి కుర్రవాళ్ళను తెచ్చి జట్టు కట్టిన శిక్షకుడికి అది రెక్కలు విరిచినట్లే అయింది. 1963లోను, 1964లోను ఆయన జట్టు గెలిచినవాటి కంటె ఓడిన మ్యాచ్‌లే ఎక్కువ.

శరీరం కూడా సహకరించడం మానేసింది. క్యాన్సర్ సోకింది. 1964 డిసెంబరులో, ఆ ఏడాది రెండు మ్యాచ్‌లు ముగిసిన దశలో ఆయన శిక్షకపదవి విడిచిపెట్టారు. ఆ కళాశాలలో ఆయన గెలిచిన మ్యాచ్‌లు 377, ఓడినవి 134. సహాయకుడిగా ఉన్న ప్రెస్ మరావిచ్ జట్టు బాధ్యత స్వీకరించారు.

మూడు నెలల తరువాత, 1965 మార్చిలో, అదే రేనాల్డ్స్ కొలీజియంలో ఆ జట్టు కాన్ఫరెన్స్ పోటీ ఆఖరి మ్యాచ్‌కు చేరింది. ఎదుట డ్యూక్. దాని శిక్షకుడు విక్ బ్యూబస్ ఎవరో కాదు, కేస్ శిక్షణలో ఆడి, ఆయన వద్దనే సహాయకుడిగా పనిచేసి, 1959లో డ్యూక్‌కు వెళ్ళిన శిష్యుడు. అక్కడ చేరిన తరువాత అప్పటికే మూడుసార్లు ఈ పోటీలో గెలిచినవాడు. ప్రేక్షకులలో చక్రాల కుర్చీలో కేస్ ఉన్నారు. మామూలుగా బెంచి మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసే లారీ వర్స్‌లీ అనే ఆటగాడు ఆ రాత్రి 30 పాయింట్లు సాధించాడు. నార్త్ కరోలినా స్టేట్ 91–85తో గెలిచింది. శిష్యుడు ఓడాడు, తాము విడిచిన జట్టు గెలిచింది. ఆటగాళ్ళు కేస్‌ను కుర్చీలోంచి లేపి భుజాలకు ఎత్తుకొన్నారు. పద్దెనిమిదేళ్ళ కిందట డర్హమ్‌లో మాదిరిగానే, వల చివరి పోగును ఆయన చేతనే కత్తిరింపజేశారు.

1966 ఏప్రిల్ 30న ఎవరెట్ కేస్ రాలీలో కన్నుమూశారు. డర్హమ్ వైపు పోయే రహదారి పక్కనున్న శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. తమ కళాశాల జట్టు డ్యూక్‌తో ఆడడానికి ఆ దారిన వెళుతుంటే చెయ్యి ఊపవచ్చునని ఆయనే కోరి ఆ చోటు ఎంచుకొన్నారని చెప్పుకొంటారు. భార్యాబిడ్డలు లేని ఆ శిక్షకుడు తమ ఆస్తిలో కొంత భాగాన్ని పూర్వ ఆటగాళ్ళకు పంచిపెట్టవలసిందిగా వీలునామా వ్రాశారు. గురువు ఆస్తికి శిష్యులు వారసులు కావడం మన పురాణాలలో వింత కాకపోవచ్చు గాని, అమెరికాలో ఒక కళాశాల శిక్షకుడు ఆ పని చేయడం విశేషమే.

ఆయన లేని పోటీ రాలీలో ఎంతోకాలం నిలవలేదు. ప్రతి ఏడూ ఒకే కళాశాల సొంత మందిరంలో ఆడడం మిగిలినవారికి ఎప్పటినుండో కంటగింపే. పదమూడు పోటీల తరువాత 1967లో అది గ్రీన్స్‌బరో నగరానికి తరలిపోయింది. ఒక్క జట్టుకే ప్రవేశమన్న కట్టుబాటు మాత్రం ఇంకా కొన్నాళ్ళు నడిచింది. 1974 మార్చిలో గ్రీన్స్‌బరోలో జరిగిన ఆఖరి మ్యాచ్‌లో దేశంలోకెల్లా మేటి జట్లుగా పేరొందిన నార్త్ కరోలినా స్టేట్, మేరీలాండ్ తలపడ్డాయి. అదనపు సమయం దాకా సాగిన ఆ పోరులో 103–100తో మేరీలాండ్ ఓడి, జాతీయ పోటీ ముఖం చూడకుండానే ఇంటిదారి పట్టింది. గెలిచిన జట్టు ఆ ఏడాది జాతీయ విజేత అయింది. దాని శిక్షకుడు నార్మ్ స్లోన్, కేస్ తొలినాటి జట్టులో ఆడిన శిష్యుడు. అంత గొప్ప జట్టును ఒక్క రాత్రి ఓటమికి బయట నిలబెట్టడం అన్యాయమన్న అభిప్రాయం దేశమంతటా బలపడింది. 1975లో జాతీయ పోటీని 32 జట్లకు విస్తరించి, ఒకే కాన్ఫరెన్స్ నుండి ఒకటికి మించిన జట్లను అనుమతించారు. కేస్ 1982లో జాతీయ బాస్కెట్‌బాల్ కీర్తిమందిరంలో స్థానం పొందారు. కాన్ఫరెన్స్ పోటీలో ఉత్తమ ఆటగాడికి ఏటా ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు.